కడిగితే పోయే రంగు

"చేతులకు అంటినా నీళ్ళతో కడిగితే పోయే రంగులు మాత్రమే వాడవలెను."

మనవరాలి బడివాళ్ళు కోడలి ఫోనుకు పంపిన సందేశంలో చివరి వాక్యం ఇది. దసరాకు పిల్లలంతా విల్లూ బాణాలూ ఇంట్లోనే చేసుకుని తేవాలట, వెనకటి పద్ధతులు ఈ కాలం పిల్లలకు తెలియాలట. అంతవరకు ముచ్చటగానే చదివాను. ఆ చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది. కోడలు నా మొహం చూసి, "ఏమైందండీ అత్తయ్యగారూ?" అంది. ఏమీ కాలేదన్నాను. ఏమీ కాలేదనడం మా పుట్టింట్లో నేర్పిన విద్య. ఒక మనిషిని కళ్ళెదుట నలిపేసి కూడా మావాళ్ళు ఏమీ కాలేదనే అన్నారు.

మర్నాడు మనవరాలిని తీసుకుని ఆటోలో ఏలూరు బజారుకు వెళ్ళాను. కాగితాలూ కుంచెలూ అమ్మే కొట్టు. కొట్టావిడ నవ్వుతూ, "దేనికండీ రంగులు?" అని అడిగింది.

"బాణాలకి."

"అయితే వాటర్ కలర్సే తీసుకోండమ్మా. ఆయిల్‌వి అయితే గోళ్ళలో ఇరుక్కుపోతాయండీ. ఎంత రుద్దినా వదలవు."

"నాకు తెలుసు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, ఆవిడ చిన్నబోయింది. ఆవిడ తప్పేమీ లేదు. నా కోపం ఆవిడ మీద కాదు. ఆ కోపం పడాల్సినవాళ్ళంతా ఎప్పుడో పోయారు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలని మావాళ్ళు అంటారు గానీ, నాకు ఆ ముచ్చట లేదు.

మాది తాడేపల్లిగూడెం. బజారు వీధిలో ముందు కొట్టు, వెనక ఇల్లు. నాన్న మేకులు, కొబ్బరి తాళ్ళు, తారు, గోడల వెల్లలో కలిపే పొడి రంగులు, తలుపులకు వేసే డబ్బా రంగులు అమ్మేవారు. కొట్టు నిండా అవిసె నూనె వాసన కొట్టేది. గడప దాటి లోపలికి వస్తే ఇంగువ పోపు. పెరట్లోకి వెళ్తే నానేసిన కుంకుడుకాయలు. కళ్ళు మూసుకున్నా ఏ గదిలో ఉన్నానో చెప్పగలిగేదాన్ని. ఇంట్లో నాయనమ్మ మాటే మాట. అమ్మకు ఉన్న మాటలన్నీ వంటింట్లో గిన్నెలతోనే.

ఆ ఇంట్లో మా మేనత్త ఉండేది. నాన్నకు చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మామయ్య విషజ్వరంతో పోతే పుట్టింటికి తెచ్చి పెట్టుకున్నారు. అప్పటికి ఆవిడకు పాతికేళ్ళు కూడా నిండలేదు. తెల్లచీర, బోసి నుదురు, బోసి చేతులు. జుట్టు మాత్రం తీయించలేదు. ఆ తీయించకపోవడాన్ని నాయనమ్మ చుట్టాలందరికీ తాము చేసిన ఉపకారంలా చెప్పేది. "కాలం మారింది కదండీ, మేం అంత పట్టించుకోలేదు" అనేది. అత్త పక్కన నిలబడి వినేది. నిలబడి వినడం తప్ప ఆవిడకు ఇంకో దారి లేదు.

మా గోదావరి వైపు మాట మెత్తగా ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెత్తదనంతో ఏం చేయొచ్చో నేను చిన్నప్పుడే చూశాను. గొంతు పెంచక్కర్లేదు, ఒక్క తిట్టు తిట్టక్కర్లేదు. చివర ఒక "అండీ", ముందు ఒక "అమ్మా" తగిలించి మనిషిని గదిలోకి తోసి గడియ పెట్టేయొచ్చు. "ఎవరో వస్తున్నారమ్మా, కాస్త లోపలికి వెళ్తావా" అని నాయనమ్మ ఎంత ప్రేమగా అనేదో. అత్త రోజులో సగం ఆ ప్రేమకే లోపలికి వెళ్ళి కూర్చునేది.

కానీ దసరా ముందు మాత్రం పెరటి వరండా ఆవిడ రాజ్యం. బడి పిల్లల బాణాలు చేసేది ఆవిడే.

అప్పట్లో దసరాకు మాష్టారు పిల్లలందరినీ వెంటబెట్టుకుని ఇంటింటికీ తిప్పేవారు. మా చేతుల్లో వెదురు బద్దల విల్లులు, వాటికి రంగులేసిన బాణాలు. బాణం నిజంగా వెళ్ళిపోకుండా దారంతో వింటికి కట్టేసేవారు. వదిలితే ముందుకు ఉరికి ఆగిపోయేది. బాణం బోలులో నింపిన బుక్కా మాత్రం ఎగిరి గడపలో నిలబడ్డ పెద్దల మీద పడేది. ఘుమఘుమలాడే ఆ గులాబీ రంగు పొడి పంచెల మీదా చీరల మీదా పడినా ఎవరూ విసుక్కునేవారు కాదు. మాష్టారికి దక్షిణ, మాకు దోసిళ్ళతో పుట్నాల పప్పూ బెల్లం ముక్కలూ ఇచ్చేవారు. కోమటి వీధిలో కొందరు జీడిపప్పు కలిపేవారు. ఆ ఇళ్ళకి మేం రెండోసారి కూడా వెళ్ళేవాళ్ళం, వరస మార్చి, వెనకవాళ్ళం ముందుకు వచ్చి. మాష్టారికి తెలిసినా తెలియనట్టే ఉండేవారు.

బాణాలకు కొల్లేటి కిక్కిస కావాలి. అది సరస్సులో మనిషెత్తున పెరిగే రెల్లు. కణుపుకీ కణుపుకీ మధ్య బోలుగా, తేలిగ్గా ఉంటుంది. కొల్లేటి లంక నుంచి ఒకాయన తన దోనెకు పూయడానికి తారు కొనడానికి మా కొట్టుకు వచ్చేవాడు. దసరా దగ్గరపడితే ఒక మోపు కిక్కిస పట్టుకొచ్చి పెరటి గుమ్మం దగ్గర పడేసేవాడు. "చెల్లెమ్మా, నీ సరుకొచ్చింది" అని కేకేసేవాడు. రాలిన కొంగ ఈకలు కూడా మోపులో దోపుకొచ్చేవాడు, బాణం తోకలకి. మా ఇంటికొచ్చే మనుషుల్లో అత్త లోపలికి వెళ్ళకుండా ఎదురొచ్చి మాట్లాడింది ఆయన ఒక్కడితోనే. ఆయన చేతుల్లో కొల్లేటి బురద వాసన, చేపల వాసన ఉండేవి. నాయనమ్మ ఆయన వెళ్ళాక గుమ్మం దగ్గర నీళ్ళు చల్లించేది.

కిక్కిస పైతోలు నున్నగా మెరుస్తూ ఉంటుంది. దాని మీద రంగు నిలవదు. అత్త ఆల్చిప్పతో ఆ మెరుపు గీకేసి, తడి బూడిదతో రుద్ది, నీడలో ఆరబెట్టేది. తుమ్మజిగురు ముందురోజే నీళ్ళలో నానేసేది. కొబ్బరి చిప్పల్లో కొట్టులోని పొడి రంగులు వేసి, జిగురు నీళ్ళు పోసి, వేలితో కలిపేది. ఒక చిప్పలో జేగురు ఎరుపు, ఒక చిప్పలో పచ్చ, ఒకదాంట్లో నీలం. నలుపుకు దీపం మసి. కుంచెలు ఈతపుల్లలే, చివర నమిలి పీచు చేసుకునేవి. నమలడం నా పని. నోరంతా వగరెక్కేది, అయినా ఆ పని ఇంకెవరికీ ఇచ్చేదాన్ని కాదు.

ఆ వరండాలో అత్త వేరే మనిషి. కాలి మీద కాలు వేసుకుని కూర్చుని, మోకాలి మీద బాణం దొర్లిస్తూ, కుంచె కదపకుండా పుల్లనే తిప్పి చుట్టూ గీత వేసేది. ఎర్ర గీత, దాని పక్కన సన్నగా పచ్చ గీత, మళ్ళీ ఎరుపు. నాతో కబుర్లు చెప్పేది, మాష్టారి ముక్కుపొడుం తుమ్మును అనుకరించి నన్ను నవ్వించేది. ఒకసారి నేను కాలి బొటనవేలు నీలంగా పూసుకుని, దెబ్బ తగిలి కమిలిందని అమ్మ దగ్గర ఏడిస్తే, అత్త పెరట్లో కడుపు పట్టుకుని నవ్వింది. ఇంట్లో ఆవిడ నవ్వు వినపడింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

పక్క వీధి బడి పిల్లల బాణాలకు డబ్బా రంగు వేసేవారు. అవి తళతళ మెరిసేవి. మనవీ అలా ఉండాలని నేను మారాం చేస్తే అత్త ఓపిగ్గా చెప్పేది. "నూనె రంగు బరువమ్మా, బాణం సరిగా ఉరకదు. ఈ ముసుర్లో ఆరదు కూడా. చేతులకి జిడ్డు. నీళ్ళ రంగే మంచిది." ఆ కారణాలన్నీ నిజమే. అసలు కారణం మాత్రం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. అది నా కళ్ళ ముందే రోజూ జరిగేది.

నాయనమ్మ సాయంత్రం పూజ ముగించి గంట కొట్టే వేళకు అత్త గబగబా నూతి దగ్గరికి వెళ్ళేది. కుంకుడు నురగతో మోచేతుల దాకా రుద్దుకునేది. గోళ్ళ సందుల్లో చీపురుపుల్లతో గీకేది. తర్వాత రెండు చేతులూ నా ముందు చాపి, "చూడవే, ఎక్కడైనా ఉందా?" అని అడిగేది. నాకది ఆట. ఒక్కో వేలూ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, న్యాయమూర్తిలా చూసి, "లేదత్తా" అనేదాన్ని. కొన్నిసార్లు "ఇదుగో ఇక్కడ" అని అబద్ధమాడి ఆవిడను మళ్ళీ నూతి దగ్గరికి పరిగెత్తించేదాన్ని. గంట మోత ఆగి నాయనమ్మ బయటికి వచ్చేసరికి ఆ చేతులు తెల్లగా, తడిగా, బోసిగా ఉండేవి. ఆవిడ నీళ్ళ రంగు ఎంచుకున్నది అందుకు. రంగు ముట్టుకోవాలని ఉండేది, ముట్టుకున్నట్టు కనపడకూడదు. కడిగితే పోయే రంగైతేనే ఆ రెండూ కుదురుతాయి.

ఒక మధ్యాహ్నం ఆవిడ గోడకు చేరగిలబడి కునుకు తీస్తుంటే నేను కుంచె ముంచి ఆవిడ మణికట్టు చుట్టూ గాజులు వేశాను. బాణానికి వేసినట్టే, ఎరుపు, పచ్చ, ఎరుపు. మెలకువ వచ్చి చూసుకుంది. నన్ను కొడుతుందేమోనని దూరంగా జరిగాను. కొట్టలేదు. చెయ్యి పైకెత్తి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. రెండో చెయ్యి కూడా చాపి, "దీనికెవరేస్తారే?" అంది. వేశాను. అవి ఆరేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. పూజ గంట మోగగానే లేచి నూతి దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు తనిఖీకి చేతులు చాపినప్పుడు నేను అబద్ధమాడలేదు.

ఆ ఏడే నాన్న కొత్త డబ్బా రంగుల ఏజెన్సీ తీసుకున్నారు. దసరా వారంలో సరుకు దిగింది. కొట్టు ముందు డబ్బాలు గోపురంలా పేర్చారు. నాన్నకు ఆలోచన వచ్చింది. బడి పిల్లలు ఊళ్ళో ప్రతి గడపా తొక్కుతారు కదా, వాళ్ళ చేతుల్లోని బాణాలకు మన రంగు వేస్తే ఊరంతా చూస్తుంది కదా అని. మాష్టారిని వెంటబెట్టుకుని పెరట్లోకి వచ్చి, ఎర్ర డబ్బా వరండాలో పెట్టారు.

"ఈసారి దీంతో వెయ్యమ్మా" అన్నారు.

అత్త లేచి నిలబడింది. మాష్టారు ఉన్నారు కాబట్టి కొంగు భుజం నిండా కప్పుకుంది. "నూనె రంగు వద్దన్నయ్యా. కిక్కిసకి నప్పదు."

"ఎందుకు నప్పదు? చెక్కకీ ఇనుముకీ దేనికైనా వెయ్యొచ్చని డబ్బా మీదే ఉందిగా."

"ముసురు కదా, ఆరదు. పిల్లల బట్టలు పాడవుతాయి."

"ఆరుతుందమ్మా. కొత్త రకం ఇది. ఏమంటారు మాష్టారూ?"

"దివ్యంగా ఉంటుందండీ. మన బడి బాణాలు మెరిసిపోవాలి" అన్నారు మాష్టారు.

"నీళ్ళ రంగైతే నేను బాగా వేస్తానన్నయ్యా" అంది అత్త మళ్ళీ. "ఈ ఒక్కటీ నా మాట విను."

నాన్న నవ్వారు. "బాణాలకి ఇంత ఆలోచనేంటమ్మా" అని, మాష్టారితో కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళిపోయారు. ఆయన చెడ్డవాడు కాదని అందరూ అంటారు. నిజంగా కాదు. ఆయనకు తన చెల్లెలి చేతులు ఎప్పుడూ కనపడలేదు, అంతే. ఒకే ఇంట్లో ఉంటూ, ఆ చేతులు వడ్డించిన అన్నం తింటూ, కనపడలేదు. చెడ్డవాళ్ళ మీదకంటే ఇలాంటివాళ్ళ మీదే నాకు ఎక్కువ కోపం.

దుర్గాష్టమి నాడు అత్త ఆ ఎర్ర రంగు వేసింది. చేతులకు పాత గుడ్డలు చుట్టుకుంది. కాసేపట్లో గుడ్డలు రంగు పీల్చేసుకుని వేళ్ళకు అంటుకుపోయాయి. విప్పి చూస్తే అరచేతులు, వేళ్ళు, గోళ్ళ అంచులు అన్నీ ఎరుపే. నన్ను పిలిచి, "మీ నాన్నని అడిగి కాస్త కర్పూర తైలం పట్రావే, పరిగెత్తు" అంది. నూనె రంగు వదిలేది దానికే. పరిగెత్తాను. కొట్టులో పండగ బేరాలు. నాన్న తూకం దగ్గర నుంచి తలెత్తకుండా, "చిన్న సీసాలు అయిపోయాయమ్మా, పెద్ద డబ్బా ఇప్పుడు తెరిస్తే ఆవిరైపోతుంది. రేపు చూద్దాంలే" అన్నారు. అత్తకు కావాలి నాన్నా అన్నాను. "రేపు చూద్దామన్నానుగా బంగారం" అన్నారు. తన కొట్లో ఉన్న తైలం, తన చెల్లెలి చేతులకు. రేపట.

అత్త దీపంలోని కిరసనాయిలు వంపుకుని రుద్దింది. బూడిద, చింతపండు, చివరికి ఇటుక పొడి. అరచేతుల్లో చిక్కటి రంగు పోయింది గానీ గోళ్ళలో, వేళ్ళ చివర్లలో, అరచేతి గీతల్లో ఎరుపు దిగిపోయింది. "చూడవే" అంది. చూశాను. అచ్చం గోరింటాకు పెట్టుకుని కడిగేసిన చేతుల్లా ఉన్నాయి. నాకు చాలా అందంగా కనిపించాయి. "ఉందత్తా" అన్నాను. ఆవిడ మొహం చూశాక నాకు భయం వేసింది.

మర్నాడు మహర్నవమి. సాయంత్రం ముందు గదిలో పేరంటం. నాయనమ్మ చెల్లెలు ఏలూరు నుంచి వచ్చింది. చిన్న నాయనమ్మ అనేవాళ్ళం. బజారు వీధి ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. పులిహోర, శనగల వాసన, మల్లెపూల వాసన. చిన్న నాయనమ్మకు శనగపప్పు అడ్డం పడి దగ్గు పట్టుకుంది. మంచినీళ్ళు, మంచినీళ్ళు అని కేకలేశారు. అమ్మ చేతులు పులిహోరలో ఉన్నాయి. ఇంకెవరూ లేక, చెంబు పట్టుకుని అత్త వచ్చింది. కొంగు వేళ్ళ మీదుగా కప్పుకునే వచ్చింది. చెంబు అందించేటప్పుడు కొంగు జారింది.

చిన్న నాయనమ్మ దగ్గు ఆగిపోయింది. చెంబు అందుకోలేదు. వేళ్ళకేసి చూస్తూ, ఎంతో మెల్లగా, "అమ్మాయి గోరింటాకు పెట్టుకుందా అక్కయ్యా?" అంది.

"గోరింటాకు కాదే, రంగు. బడి పిల్లల బాణాలకి వేసింది" అంది నాయనమ్మ.

"ఓహో, రంగా. ఏదైతేనేం లే, ఎర్రగానే ఉందిగా. ముత్తైదువలు కూర్చున్న చోటు కదా అని. నేనేదో అన్నాననుకోకు సుమా."

"చిన్న వయసు కదండీ, మనసు లాగుతుంది మరి" అంది ఇంకొకావిడ, జాలి పడుతూ.

"ఎవరికి లాగదు లెండి. అణుచుకోవాలి గానీ" అంది మరొకావిడ, ఇంకా మెత్తగా.

గదిలో ఎవరి గొంతూ పెరగలేదు. కొట్టుకూ ఇంటికీ మధ్య గడపలో నాన్న నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. "ఆ రంగు నేనిచ్చానండీ, వద్దంటే నేనే వేయించానండీ" అంటే సరిపోయేది. ఆయన తమలపాకు ఈనె తీసుకుంటూ వీధిలోకి చూశారు. అమ్మ పులిహోర కలుపుతూనే ఉంది. అత్త చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. నీళ్ళు తొణికి నేల మీద పడ్డాయి.

నేను లేచి అరిచాను. "నాన్నే ఇచ్చారు ఆ రంగు! అత్త వద్దంది! నాన్నే!"

అందరూ నవ్వారు, పిల్ల మాటకు నవ్వినట్టు. నాయనమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, పళ్ళెంలోంచి పెద్ద బెల్లం ముక్క తీసి నా నోట్లో పెట్టింది. "పెద్దవాళ్ళ మాటల్లోకి రాకూడదు తల్లీ" అంది, తల నిమురుతూ. నోటి నిండా బెల్లం. ఇంకో మాట రాలేదు. ఉమ్మేయడానికి కూడా కుదరనంత పెద్ద ముక్క. అది కరిగేసరికి అంతా అయిపోయింది. "లోపలికి వెళ్ళమ్మా, అది పూర్తిగా పోయేదాకా ఇటు రాకు, మంచిదానివి కదూ" అని నాయనమ్మ అత్తకు చెప్పేసింది, గది తలుపు దగ్గరకు వేసేసింది. అప్పటి నుంచి నాకు బెల్లం పడదు. ఇంట్లో అందరూ షుగరేమో అనుకుంటారు.

విజయదశమి నాడు మేం బాణాలు పట్టుకుని ఊరేగాం. అత్త చెప్పినట్టే జరిగింది. ముసురుకు రంగు ఆరలేదు. బుక్కా దానికే అంటుకుపోయింది. పిల్లలందరి చేతులూ ఎరుపు, చొక్కాలు ఎరుపు, మాష్టారి కండువా ఎరుపు. అందరూ ఒకరి చేతులు ఒకరికి చూపించుకుని నవ్వుకున్నారు. ఏ ఇంట్లోనూ ఎవరూ ఎవరినీ లోపలికి వెళ్ళమనలేదు. ఇక నాన్న బొటనవేలు డబ్బా మూత తీస్తుండగా ఎర్రబడింది. పండగ వెళ్ళిన వారం దాకా ఆ వేలు బేరానికి వచ్చినవాళ్ళకు చూపించి, "చూశారాండీ, ఎంత పట్టుందో ఈ రంగుకి! ఎన్ని నీళ్ళు పోసినా చెక్కు చెదర్లేదు" అనేవారు. నేను ఆ పక్కనే నిలబడి విన్నాను. ఆ వేలిని కొరికేయాలనిపించింది. ఇప్పుడు తలుచుకున్నా అనిపిస్తుంది.

అత్త గదిలోనే ఉంది. గోళ్ళు పెరిగి, కత్తిరిస్తే గానీ ఆ ఎరుపు పోలేదు. ఈలోగా ఇటుక పొడి పెట్టి రుద్ది రుద్ది వేళ్ళు పుళ్ళు చేసుకుంది. ఊళ్ళో మాట పాకింది, రంగు సంగతి రాలిపోయి గోరింటాకు సంగతి మిగిలింది. భీమడోలులో నాన్న పెదనాన్న కొడుకు ఇంట్లో మంచాన పడ్డ ముసలావిడ ఉంది. ఆవిడకు సాయంగా ఉంటుందని అత్తను అక్కడికి పంపాలని నిశ్చయించారు. "పనిలో పడితే అన్నీ మర్చిపోతుందండీ" అనుకున్నారు. ఎంతో మంచి ఆలోచన చేసినట్టు అందరూ తలలూపారు.

నాన్నతో పాటు నేనూ స్టేషనుకు వెళ్ళాను. ప్యాసింజరు వచ్చే ముందు నాన్న టికెట్ల దగ్గరికి వెళ్ళినప్పుడు అత్త రెండు చేతులూ నా ముందు చాపింది. "చూడవే, ఎక్కడైనా ఉందా?" అంది. వేళ్ళ మీద కట్టిన పొక్కులు తప్ప ఏమీ లేదు. "లేదత్తా" అన్నాను. తల ఊపి రైలెక్కింది.

ముసలావిడ పోయినా అత్త తిరిగి రాలేదు, ఎవరూ రమ్మనలేదు. ఆ ఇంట్లోనే వండుతూ, వడ్డిస్తూ ముసలిదైపోయింది. నా పెళ్ళయ్యాక చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా బాణాల ఊసెత్తేదాన్ని. "ఏమోనే, గుర్తు లేదు" అనేది. ఒకసారి నా కొడుక్కి రంగు పెన్సిళ్ళ డబ్బా తీసుకెళ్తే, దాన్ని చేత్తో తాకకుండా పమిట చెంగుతో పక్కకు జరిపింది. అది చూశాక నేను మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఇప్పుడు రంగులు కొని ఇంటికి వచ్చాక, కైకలూరు వైపు చేపల చెరువులున్న తెలిసినాయన్ని కిక్కిస తెమ్మని అడిగాను. "ఎక్కడుందండీ ఇంకా కిక్కిస? కొల్లేరంతా చేపల చెరువుల గట్లేగా" అన్నాడు. అయినా ఏదో గట్టు వారన మిగిలింది కోసి పంపాడు. నాలుగు పుల్లలు గానీ మంచివి లేవు. ఆల్చిప్ప దొరకలేదు, స్టీలు చెంచాతో గీకాను. మనవరాలికి ఈతపుల్ల నమలడం నేర్పితే ఉమ్మేసి, కొన్న కుంచె తెచ్చుకుంది. వరండాలో కూర్చుని ఇద్దరం నీళ్ళ రంగులు వేశాం. మోకాలి మీద పుల్ల దొర్లించి గీత చుట్టడం చూపించాను. నా చెయ్యి మర్చిపోలేదు.

ఆ సాయంత్రమే మా ఇంట్లో కోడలు పెట్టిన పారాయణ, పేరంటం. మావారు పోయి ఏడాది దాటింది. అప్పటి నుంచి నాతో కూడా అందరూ మెత్తగా మాట్లాడుతున్నారు. తాంబూలాలు ఇచ్చే వేళకు "మీరు అలిసిపోయారు, పడుకోండి" అంటారు. పెళ్ళికి పిలిచి, "మీకు ఇబ్బందైతే రాకపోయినా ఏమనుకోమండీ" అంటారు. కాలం మారిందని కూడా అంటారు. నేను రంగు చీరలే కడుతున్నాను, బొట్టు పెట్టుకుంటున్నాను, ఎవరూ ఏమీ అనలేదని మా ఆడపడుచు అందరికీ చెబుతుంది, అచ్చు మా నాయనమ్మలాగే.

ఆవిడే వరండాలోకి వచ్చింది. "వదినా, వాళ్ళు వచ్చే వేళయింది. చేతులు కడుక్కుని కాస్త మీ గదిలో కూర్చుంటారా? ఈ గోల మీకెందుకు" అంది.

ఎంత మెత్తటి మాటో. నా చేతులు చూసుకున్నాను. వేళ్ళకు ఎరుపు, పచ్చ. ఎదురుగా మనవరాలు కుంచె పట్టుకుని కూర్చుంది. రెండు చేతులూ దాని ముందు చాపాను. "ఇదుగో, ఇక్కడ మణికట్టు చుట్టూ గాజులు వెయ్యవే. ఎరుపు, మధ్యలో పచ్చ, మళ్ళీ ఎరుపు" అన్నాను.

"భలే! పోతుందిగా మామ్మా, కడిగితే?" అంది అది.

"పోతుంది" అన్నాను.

అది నాలిక బయటపెట్టి, వంకరటింకరగా, శ్రద్ధగా వేసింది. ఆరేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఆడపడుచు గుమ్మంలో నిలబడే ఉంది. ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. మా చిన్నప్పటి పూజ గంటకు అత్త నూతి దగ్గరికి పరిగెత్తేది. నేను లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్ళి తీశాను.

పక్కింటావిడ పట్టుచీరలో నిలబడి ఉంది. నా చేతులు చూసి, మర్యాదగా, "అయ్యో, చేతులకి రంగంటుకుందండీ" అంది.

"అంటుకోలేదమ్మా. నేనే వేయించుకున్నాను. లోపలికి రండి."